కన్ఫర్మ్ చేసేది ఎవరు, వెరిఫై చేసేది ఎవరు?

ఏదైనా వెబ్‌సైట్‌లో కొత్త ఖాతా తెరిచేటప్పుడు వచ్చే ఫారాన్ని ఒకసారి నిదానంగా చూడండి. ఈమెయిల్ గడిలో ఎట్ గుర్తు కొట్టడం మరిచిపోతే గడి చుట్టూ ఎర్ర గీత పడుతుంది. ప్రోగ్రామర్లు దీన్ని వాలిడేషన్ అంటారు. కింద పాస్‌వర్డ్ గడి, దాని కిందే అదే పాస్‌వర్డ్ మళ్లీ కొట్టమనే ఇంకో గడి. దాని మీద ‘కన్ఫర్మ్ పాస్‌వర్డ్’ అని ఉంటుంది. బటన్ నొక్కగానే మెయిల్‌కి ఒక లింకు వస్తుంది. అది ‘వెరిఫై యువర్ ఈమెయిల్’ అంటుంది. రెండు రోజుల తర్వాత మళ్లీ లాగిన్ అవబోతే పాస్‌వర్డ్, ఓటీపీ అడిగి మరీ లోపలికి వదులుతుంది. అది ఆథెంటికేషన్.

ఒక్క ఖాతా పనిలో నాలుగు క్రియలు. నిఘంటువు తెరిస్తే నాలుగింటికీ కాస్త అటూ ఇటూగా ‘ధ్రువీకరించు’ అనే కనిపిస్తుంది. కానీ అక్కడ జరిగిన నాలుగు పనులూ వేరువేరు. పాస్‌వర్డ్ ఏమిటో తెలిసింది దాన్ని కొట్టిన మనిషికే. సైటు చేయగలిగిందల్లా ‘మీరు అనుకున్నది ఇదేనా, ఇంకోసారి చెప్పండి’ అని అడగడమే. అందుకే అక్కడ కన్ఫర్మ్. ఈమెయిల్ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. ఆ అడ్రస్ నిజంగా ఆ మనిషిదేనా అన్నది సైటుకి తెలియదు. అడిగితే ఎవరైనా అవుననే అంటారు. కాబట్టి తానే ఒక పరీక్ష పెట్టి తేల్చుకుంటుంది. అది వెరిఫై. ఎర్ర గీతకి ఈ రెండింటితోనూ సంబంధం లేదు. రాసిన అడ్రస్ ఆకారం చెల్లుతుందా లేదా అన్నదొక్కటే దాని ప్రశ్న. లోకంలో ఎక్కడా లేని అడ్రస్ అయినా ఆకారం కుదిరితే వాలిడేషన్ దాటిపోతుంది. ఇక ఆథెంటికేషన్ అడిగేది అడ్రస్ గురించి కాదు, మనిషి గురించి: ఇప్పుడు తలుపు తట్టింది ఆ రోజు ఖాతా తెరిచిన మనిషేనా?

కొన్ని సైట్లు పాస్‌వర్డ్ రెండో గడి మీద ‘వెరిఫై’ అని రాస్తాయన్నది నిజమే. అది తప్పు అని కొట్టిపారేయలేం కానీ, ‘కన్ఫర్మ్’ అనడమే సరిగ్గా అతుకుతుంది.

ఈ తేడా పట్టుకోవడానికి తెలుగువాళ్ల దగ్గర ఒక మంచి సాధనం ఉంది. ఇంగ్లీషు చదువుల్లో దాన్ని ఎవరూ వాడకపోవడం విచారకరం. అది ‘కొను’ అనే చిన్న ప్రత్యయం. ‘మృతుల సంఖ్యను పోలీసులు నిర్ధారించారు’ అంటే తమకు తెలిసిన సంగతిని నలుగురికీ చెప్పారని అర్థం. ‘మృతుల సంఖ్యను పోలీసులు నిర్ధారించుకున్నారు’ అంటే చెప్పే ముందు తమకోసం తాము చూసి తేల్చుకున్నారని అర్థం. మొదటిది కన్ఫర్మ్, రెండోది వెరిఫై. మనం ఒకే ధాతువు మీద ‘కొను’ చేర్చి చెప్పేసే తేడాని ఇంగ్లీషు రెండు వేరు క్రియలుగా పెట్టుకుంది. చూడు, చూసుకో, తేల్చు, తేల్చుకో, నిర్ధారించు, నిర్ధారించుకో. ఇంగ్లీషు వాక్యం రాసేటప్పుడు మనసులో మెదిలిన తెలుగు క్రియకి ‘కొను’ తగిలిందా లేదా అని ఒక్క క్షణం ఆగి చూస్తే సగం తికమక తీరిపోతుంది.

రెండు క్రియల పుట్టుక కూడా ఈ మాటే చెబుతుంది. కన్ఫర్మ్ అనేది ‘గట్టిది’ అనే అర్థమున్న లాటిన్ మాట ఫిర్ముస్ నుంచి వచ్చింది. అప్పటికే ఉన్న మాటను గట్టిపరచడం దాని అసలు పని. వెరిఫై అనేది ‘నిజం’ అనే అర్థమున్న వేరుస్ నుంచి వచ్చింది. అక్కడ దృష్టంతా మాట నిజమా కాదా అన్న దాని మీదే.

ఆఫీసు మెయిళ్లలో ఈ తేడా మర్యాదకు సంబంధించిన విషయం కూడా అవుతుంది. లెక్కలు తయారు చేసి పంపిన మనిషికి ‘ప్లీజ్ కన్ఫర్మ్ ద ఫిగర్స్’ అని రాస్తే, ఇవే కదా అని ఒక్క మాట అడిగినట్టు. ‘ప్లీజ్ వెరిఫై ద ఫిగర్స్’ అని రాస్తే, మళ్లీ మొదట్నుంచీ కూర్చుని సరిచూడమని పని అప్పగించినట్టు. మొదటిదానికి ‘ఎస్’ అని తిరుగు మెయిల్ కొడితే సరిపోతుంది. రెండోదానికి ‘ఎస్’ అని కొట్టే ముందు ఫైళ్లు తెరవాలి. తెలియక పై అధికారికి రెండోది రాసినవాళ్లు, ఆయన ఎందుకు ముభావంగా జవాబిచ్చారో అర్థంకాక టెన్షన్ పడుతుంటారు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ‘కన్ఫర్మ్ చేసుకుని చెప్తాను’ అని తెలుగులో రోజూ అంటాం. ఇక్కడ ‘కొను’ ఉంది కాబట్టి ఇంగ్లీషులో వెరిఫై అనాలా? అక్కర్లేదు. ‘లెట్ మీ కన్ఫర్మ్ విత్ ద మేనేజర్’ అనేది మంచి ఇంగ్లీషే. అందులోని ‘విత్’ను గమనించాలి. తెలిసిన మనిషి ఇంకొకరున్నారు, వాళ్ల నోట అవునని అనిపించుకోవాలి అని ఆ ‘విత్’ చెబుతోంది. అంటే ఇక్కడ కూడా అవునని చెప్పేది తెలిసినవాళ్లే. అడగడానికి మనిషంటూ లేకుండా కాగితాలు, కొలతలు, రికార్డులు ముందేసుకుని కూర్చుంటే అప్పుడు వెరిఫై.

తెలిసినవాళ్లే కన్ఫర్మ్ చేయగలరు అన్నదానికి అన్నిటికంటే గట్టి ఉదాహరణ గూఢచారుల నుంచి వచ్చింది. 1968లో సోవియట్ జలాంతర్గామి కే-129 పసిఫిక్ మహాసముద్రంలో మునిగిపోయింది. దాన్ని గుట్టుగా పైకి తీయడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ 1974లో గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడను పంపింది. మరుసటి ఏడాది విషయం పత్రికలకు పొక్కింది. ఆ వార్తలను ఆపడానికి సీఐఏ ప్రయత్నించిందా, ఆ కాగితాలు ఇవ్వండి అని ఒక విలేఖరి సమాచార హక్కు చట్టం కింద అడిగితే, అలాంటి కాగితాలు ఉన్నాయని గానీ లేవని గానీ చెప్పలేమని జవాబు వచ్చింది. ‘నైదర్ కన్ఫర్మ్ నార్ డినై’ అనే ఆ ధోరణికి ఇప్పటికీ గ్లోమార్ జవాబు అనే పేరుంది. 2014 జూన్‌లో సీఐఏ ట్విట్టర్‌లోకి వచ్చినప్పుడు పెట్టిన మొదటి పోస్టు కూడా ఇదే మాట మీద ఆడింది: ఇది మా మొదటి ట్వీట్ అని కన్ఫర్మూ చేయలేం, డినై కూడా చేయలేం.

అక్కడ ‘నైదర్ వెరిఫై నార్ డినై’ అని పెట్టి చూడండి, వాక్యం కూలిపోతుంది. వెరిఫై చేయలేం అంటే మాకే తెలియదని ఒప్పుకున్నట్టు. సీఐఏ చెప్పదలచుకున్నది అది కాదు. తెలుసా తెలియదా అన్నది కూడా చెప్పం అని.

కన్ఫర్మ్‌కి ఇంకో షరతు ఉంది. గట్టిపరచడానికి ముందే ఒక మాట ఉండాలి. అది అనుమానం కావచ్చు, పుకారు కావచ్చు, జోస్యం కావచ్చు. ఎముక విరిగి ఉంటుందని డాక్టర్ అనుకుంటారు, ఎక్స్‌రే కన్ఫర్మ్ చేస్తుంది. ‘ఎక్స్‌రే వెరిఫైడ్ ద ఫ్రాక్చర్’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. వెరిఫై పనికి సాధారణంగా పూనుకుని చేసే మనిషి ఉండాలి. కన్ఫర్మ్‌కి ఆ పట్టింపు లేదు, పరీక్ష ఫలితాలు, ఫొటోలు, లెక్కలు అన్నీ కన్ఫర్మ్ చేస్తాయి.

ముందు ఏ మాటా లేకపోతే? నిప్పు ఎలా అంటుకుందో ఎవరికీ ఏ ఊహా లేనప్పుడు ‘కన్ఫర్మ్ ద కాజ్’ అనడం కుదరదు. గట్టిపరచడానికి అక్కడ ఏమీ లేదు. అప్పుడు వాడాల్సింది అసర్టెయిన్. ఆరా తీయడం, వాకబు చేయడం అని మనం అనే పని ఇది. ఖాళీ చేతులతో మొదలుపెట్టి సంగతి తెలుసుకోవడం. మాట్లాడేటప్పుడు ఎవరూ దీన్ని పెద్దగా వాడరు, ‘ఫైండ్ అవుట్’ అంటారు. విచారణ నివేదికల్లో మాత్రం దీనికి చోటు ఖాయం.

వెరిఫై అంటే నిజమని తేలిపోయినట్టేనా? గణితశాస్త్రం దగ్గరికి వెళితే ఈ ప్రశ్నకు పదునైన జవాబు దొరుకుతుంది. 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయవచ్చు అన్న ఊహ 1742లో గణితజ్ఞులు గోల్డ్‌బాక్, ఆయిలర్ మధ్య నడిచిన ఉత్తరాల్లో పుట్టింది. 4 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య వరకూ కంప్యూటర్లతో దాన్ని వెరిఫై చేశారు. అయినా ఇప్పటికీ ఎవరూ ప్రూవ్ చేయలేదు. గణితజ్ఞులు ఈ రెండు క్రియలనూ పొరపాటున కూడా కలపరు. కలపకపోవడానికి కారణం కూడా ఉంది. 1919లో పోల్యా అనే గణితజ్ఞుడు ప్రతిపాదించిన ఇంకో ఊహ ఎన్ని సంఖ్యలకు చూసినా నిలబడుతూ వచ్చింది. 1958లో అది తప్పని తేలింది. అది మొదటిసారి తప్పే సంఖ్య 90,61,50,257. అంతదాకా ఒక్కో సంఖ్యనూ సరిచూసుకుంటూ వెళ్లినవాళ్లకి ప్రతిసారీ సరిగ్గానే కనిపిస్తుంది.

ప్రూఫ్‌ను కూడా మళ్లీ వెరిఫై చేయాల్సి రావడం ఇంకా ముచ్చటైన సంగతి. ఒకే సైజు బంతుల్ని అన్నిటికంటే దట్టంగా ఎలా పేర్చాలన్న కెప్లర్ ప్రశ్నకు 1998లో థామస్ హేల్స్ ప్రూఫ్ ఇచ్చాడు. దాన్ని పరీక్షించిన పండితుల బృందం ఏళ్ల తరబడి శ్రమించి, 99 శాతం నమ్మకం ఉంది, పూర్తిగా సర్టిఫై చేయలేం అన్నది. దాంతో హేల్స్ బృందం ప్రతి అడుగునూ కంప్యూటర్ చేత సరిచూపించే పని మొదలుపెట్టి 2014లో ముగించింది. దానికి ఫార్మల్ వెరిఫికేషన్ అని పేరు. ప్రూఫ్ ఇచ్చింది హేల్స్. అది సరిగ్గా ఉందని తేల్చుకున్నది యంత్రం.

గణితంలో కనీసం ప్రూఫ్ అనేది ఒకటుంది. ప్రకృతి గురించి మాట్లాడే శాస్త్రాల్లో అదీ లేదు. అందుకే 20వ శతాబ్దపు తత్త్వవేత్తలు ఈ క్రియల మీదే పెద్ద చర్చ నడిపారు. వెరిఫై చేయడానికి వీలున్న వాక్యానికే అర్థం ఉంటుందని 1920లలో వియన్నా బృందం వాదించింది. మరి ‘లోహాలన్నీ వేడిచేస్తే వ్యాకోచిస్తాయి’ అనే వాక్యం సంగతేమిటి? లోకంలోని ప్రతి లోహపు ముక్కనూ వేడిచేసి చూడలేం కదా. ఆ బృందానికే చెందిన రుడాల్ఫ్ కార్నాప్ 1936లో మాట మార్చుకున్నాడు. తిరుగులేకుండా తేల్చడమే వెరిఫికేషన్ అయితే ఇలాంటి వాక్యాలను ఎప్పటికీ వెరిఫై చేయలేం, కొంచెం కొంచెంగా కన్ఫర్మ్ మాత్రమే చేయగలం అన్నాడు. కార్ల్ పాపర్‌కి అదీ నచ్చలేదు. ఆయన జర్మన్‌లో వాడిన ఒక మాటను కార్నాప్ కన్ఫర్మేషన్ అని అనువదించాడు. పాపర్ కొంతకాలం సర్దుకుపోయాడు కానీ, ఆ మాటలో ‘నిజమయ్యే అవకాశం పెరిగింది’ అన్న ధ్వని ఉందని తర్వాత వదిలేశాడు. కారబొరేషన్ అన్నాడు. సిద్ధాంతం ఇప్పటిదాకా గట్టి పరీక్షలకు తట్టుకుని నిలబడింది, అంతవరకే చెప్పగలం అని ఆయన భావం. ఇద్దరు మహా మేధావులు పర్యాయపదాలనిపించే రెండు మాటల దగ్గర ఇంత పట్టుదలగా ఆగిపోయారంటే ఆ తేడా వాళ్లకి ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

1994లో నయోమి ఒరెస్కెస్, మరో ఇద్దరు పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఇదే గొడవను మళ్లీ లేవనెత్తారు. భూగర్భజలాలు, వాతావరణం వంటి వాటికి కట్టే కంప్యూటర్ మోడళ్లను వెరిఫై చేశాం, వాలిడేట్ చేశాం అని రాయడం సరికాదన్నారు. ప్రకృతి ఎప్పుడూ పూర్తిగా మన చేతికి చిక్కదు కాబట్టి మోడల్ లెక్కలు పరిశీలనలతో సరిపోతే కన్ఫర్మ్ అయిందనవచ్చు, అదీ పాక్షికంగానే అన్నారు. పరిశోధన పత్రాలు రాసేవాళ్లు గుర్తుంచుకోదగిన హెచ్చరిక ఇది.

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు 1919 సూర్యగ్రహణం గురించి ‘కన్ఫర్మ్’ అని రాయడం ఈ లెక్కన సరిగ్గా కుదురుతుంది. సూర్యుడి అంచు పక్కగా వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్‌సెకండ్లు (ఒక ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు) వంగుతుందని ఐన్‌స్టీన్ ముందే చెప్పాడు. మే 29న ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ బృందం ప్రిన్సిపె దీవిలో, మరో బృందం బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లో తీసిన ఫొటోలు ఆ జోస్యాన్ని గట్టిపరిచాయి. ముందు మాట ఉంది, తర్వాత దానికి బలం వచ్చింది.

కారబొరేట్ అసలు ఇల్లు మాత్రం కోర్టు. లాటిన్‌లో రోబుర్ అంటే ఓక్ చెట్టు, బలం కూడా. ‘ఈ వాదనకు బలం చేకూరుస్తోంది’ అని తెలుగు పత్రికలు రాసేది అచ్చంగా ఇదే. ఇక్కడ ప్రాణం లాంటి షరతు ఒక్కటే: బలం ఇచ్చేది వేరే చోటి నుంచి రావాలి. స్కాట్లాండ్ క్రిమినల్ చట్టంలో ఒకే ఒక్క సాక్షి మాట మీద శిక్ష వేయడం కుదరదు. కీలకమైన సంగతులకు ఇంకో మూలం నుంచి ఆధారం ఉండాలి. విలేఖరులు తరచూ జారిపోయేది ఇక్కడే. ఒక అధికారి చెప్పింది మూడు పత్రికల్లో వస్తే మూడు ఆధారాలు దొరికినట్టు అనిపిస్తుంది. మూడూ ఒకే నోటి నుంచి వచ్చినవైతే అక్కడ కారబొరేషన్ లేదు, ప్రతిధ్వని మాత్రమే ఉంది. వ్యాకరణంలోనూ దీని నడక వేరు. కన్ఫర్మ్, వెరిఫై వెనక ‘దట్’ పెట్టి పూర్తి వాక్యం తగిలించవచ్చు. కారబొరేట్ వెనక సాధారణంగా కథనం, వాంగ్మూలం, సాక్ష్యం లాంటి నామవాచకమే వస్తుంది.

సబ్‌స్టాన్షియేట్‌లో బాధ్యత మాట అన్నవాళ్ల మీదే పడుతుంది. ‘అన్నారు కదా, ఆధారాలు చూపించండి’ అనే సందర్భం అది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1970ల నుంచీ ప్రకటనలకు ఇదే పదంతో నియమం పెట్టింది: ఒక మందు ఇన్ని గంటల్లో తగ్గిస్తుందని చెప్పే కంపెనీ దగ్గర, చెప్పే నాటికే తగిన ఆధారం ఉండాలి. ఈ క్రియ ఎక్కువగా కనిపించేది వ్యతిరేక రూపంలోనే. అసలు ఈ మాటలన్నిటికీ ముందు ‘అన్’ పెట్టి చూస్తే వాటి పక్కన ఎవరు కూర్చుంటారో తెలిసిపోతుంది. అన్‌కన్ఫర్మ్‌డ్ పక్కన వార్తలు, అన్‌వెరిఫైడ్ పక్కన ఖాతాలు, వీడియోలు, అన్‌కారబొరేటెడ్ పక్కన సాక్ష్యం, అన్‌సబ్‌స్టాన్షియేటెడ్ పక్కన ఆరోపణలు. ఏ క్రియ వాడాలో తోచనప్పుడు ఈ జోడీని నోట్లో పలికి చూడటం నిఘంటువు కంటే త్వరగా దారి చూపిస్తుంది.

అఫర్మ్, అటెస్ట్, సర్టిఫై గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అఫర్మ్‌లో కొత్త ఆధారమేమీ రాదు, మాట మీద గట్టిగా నిలబడటం ఉంటుంది. దేవుడి మీద ప్రమాణం చేయడం ఇష్టంలేనివాళ్లు కోర్టుల్లో అఫర్మ్ చేస్తారు. 1853లో అమెరికా అధ్యక్ష పదవి చేపట్టేటప్పుడు ఫ్రాంక్లిన్ పియర్స్ కూడా ప్రమాణానికి బదులు అఫర్మ్ చేశాడు. అటెస్ట్ అంటే సాక్షిగా సంతకం పెట్టడం. సర్టిఫై చేయడానికి అధికారం ఉండాలి, నిజం తెలిసినంత మాత్రాన చాలదు.

వాలిడేట్ మాత్రం మరికాస్త శ్రద్ధ కోరుతుంది. దీనికి తెలుగులో ‘చెల్లుబాటు’ అనే చక్కటి మాట ఉంది. నిజమా కాదా అన్న ప్రశ్న కంటే, అనుకున్న పనికి ఇది చెల్లుతుందా అన్న ప్రశ్న ఇందులో పెద్దది. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ బారీ బోమ్ వెరిఫికేషన్‌కీ వాలిడేషన్‌కీ చూపిన తేడా తెలుగులోకి వస్తే ఇంకా అందంగా ఉంటుంది. ఉత్పత్తిని సరిగ్గా కడుతున్నామా అన్నది వెరిఫికేషన్. సరైన ఉత్పత్తినే కడుతున్నామా అన్నది వాలిడేషన్. అడిగినట్టే తు.చ. తప్పకుండా కట్టి, వాడేవాళ్లకి పనికిరాని సాఫ్ట్‌వేర్ మొదటి పరీక్ష గెలిచి రెండోది ఓడిపోతుంది.

మనస్తత్వ చికిత్సలో ఇదే మాట ఇంకో దారి పట్టింది. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించిన మార్షా లైనహన్ పద్ధతిలో వాలిడేషన్ ముఖ్యమైన భాగం. ‘మీ బాధ అర్థమవుతోంది, ఆ పరిస్థితిలో అలా అనిపించడం సహజమే’ అనడం వాలిడేట్ చేయడం. మీరు అనుకుంటున్నదంతా నిజమే అని ఒప్పుకోవడం కాదు. ‘వాలిడేట్ హర్ ఫీలింగ్స్’ అన్న చోట ‘కన్ఫర్మ్ హర్ ఫీలింగ్స్’ అని రాస్తే అర్థం పూర్తిగా పక్కదారి పడుతుంది.

ఏ క్రియ అన్నది తేలాక, అది దేనికి తగిలిందో కూడా చూడాలి. ట్విట్టర్ 2009లో వెరిఫైడ్ గుర్తు మొదలుపెట్టినప్పుడు అది వెరిఫై చేసింది ఖాతా ఎవరిదన్న విషయాన్ని మాత్రమే, వాళ్లు రాసే మాటల్ని కాదు. చదివేవాళ్లలో చాలామందికి ఈ తేడా అప్పుడే మసకగా ఉండేది. 2022 నవంబరులో నెల చందా కట్టినవాళ్లకి కూడా అదే నీలి గుర్తు ఇచ్చారు. పేరు అదే, గుర్తు అదే, దాని వెనక ఇప్పుడు తేలిందల్లా చందా కట్టారన్న సంగతి. కొద్ది రోజులకే ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఎవరో ఖాతా తెరిచి, చందా కట్టి, నీలి గుర్తుతో ఒక పోస్టు పెట్టారు: ఇన్సులిన్ ఇక ఉచితం. తప్పుడు ఖాతా నుంచి వచ్చిన ఆ సందేశానికి అసలు కంపెనీ తన సొంత ఖాతా నుంచి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.